చెవి మేస్త్రి బండి

"మేస్త్రీ, నీ నెత్తిమీద కాకి వాలింది. తోలెయ్యనా?"

పెయింటరు ఆ మాట అన్నది మేస్త్రి వెనకాల నిలబడి. చేతిలోని ఎమరీ కాగితాన్ని బకెట్టులో ముంచుతూ, మొహంలో ఏ భావమూ లేకుండా అన్నాడు. మేస్త్రి కారు బానెట్టు కింద నడుం దాకా వంగి ఉన్నాడు. పక్కన నీడ కదలగానే, పనిలోంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపి, "ఆ, ఆ. రెండో కోటు రేపు కొట్టు, తొందరేం లేదు" అన్నాడు.

పెయింటరు భుజాలు కదిలేలా నవ్వుకున్నాడు.

ముందుగదిలో కిటికీ పక్కన కూర్చున్న మిషనమ్మ కాలు తొక్కుడు మీద ఆగిపోయింది. కారు సీటు కోసం కుడుతున్న రెగ్జిను సూది కింద సగంలో నిలిచింది. వీధిలో అందరూ ఆమెను మిషనమ్మ అనే పిలుస్తారు. కుట్టు మిషను చప్పుడు వినపడకపోతే ఆ ఇంట్లో ఎవరూ లేనట్టు లెక్క. ఆమె కిటికీకీ రేకుల షెడ్డుకీ మధ్య ఉన్నది ఒక్క మూరెడు సందు. ఇటు మాట అటు, అటు మాట ఇటు స్పష్టంగా వినపడతాయి.

ఆమె మళ్లీ మిషను తొక్కలేదు. వింటూ కూర్చుంది.

కాసేపటికి పెయింటరు మళ్లీ దగ్గరికొచ్చి అన్నాడు, ఈసారి ఇంకొంచెం గట్టిగా. "మేస్త్రీ, నీ బండి కంటే నా మేకపిల్ల నయం. అదైనా అరిస్తే పలుకుతుంది."

"అంతే, అంతే" అన్నాడు మేస్త్రి సంతోషంగా. "గోరు తగిలినా తెలియకూడదు. అంత నున్నగా రావాలి."

మిషనమ్మ రెగ్జినును సూది కిందనుంచి లాగి పక్కన పెట్టింది. ఊరంతా తన మొగుణ్ని చెవి మేస్త్రి అంటుంది. బండి గేటు దాటి లోపలికి రాకముందే, దానికి ఏం రోగమో శబ్దాన్ని బట్టి చెప్పేస్తాడని ఆ పేరు. అతను పనిచేసిన వర్క్‌షాపులో కుర్రకారంతా బండి విప్పే ముందు అతన్ని పిలిచి వినిపించుకునేవారు. ఆ చెవిలోకి ఇప్పుడు, అడుగున్నర దూరంలోంచి, ఒక మాట వెళ్లలేదు.

పెయింటరు రంగులో కలిపే థిన్నరు తేవడానికి బయల్దేరినప్పుడు ఆమె గేటు దగ్గర అడ్డంగా నిలబడింది.

"ఎన్నాళ్లుగా?" అంది.

"ఏంటి వదినా?"

"ఏంటో నీకు తెలుసు. నేను కిటికీ దగ్గరే ఉన్నాను."

పెయింటరు సైకిలు హ్యాండిలు మీద గోటితో గీకాడు. "తప్పుగా అనుకోకు వదినా. సరదాకి. వర్క్‌షాపులో అందరం అలా ఆడేవాళ్లమే. ఆయనకి తెలీదు, బాధా లేదు."

"ఎన్నాళ్లుగా అని అడిగాను."

"రెండేళ్లవుతుందేమో. మొదట్లో కాస్త, తర్వాత బాగా. ఓసారి ఓ బండి రివర్సులో వస్తోంది. హారను కొడుతూనే ఉన్నారు, అరుస్తూనే ఉన్నాం. ఈయన గోడవైపు తిరిగి ఏదో తుడుచుకుంటున్నాడు. జానెడు దూరంలో ఆగింది బండి. మర్నాడు ఓనరు పిలిచి, 'పెద్దవాడివయ్యావు, ఇంటిపట్టున ఉండు' అన్నాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు."

"మీరూ చెప్పలేదు."

"ఎలా చెప్తాం వదినా? చెవి మేస్త్రికి చెవి లేదని?"

అతను సైకిలెక్కాడు. తానే పని మానేసి వచ్చానని మేస్త్రి ఇంట్లో చెప్పిన రోజు మిషనమ్మకు గుర్తొచ్చింది. 'ఇంకెన్నాళ్లు ఒకళ్ల కింద, నా బండి నేను చేసుకుంటాను' అన్నాడు. ఎవరి పెరట్లోనో తుప్పుపట్టి పడి ఉన్న ఈ పాత కారును తాడు కట్టించి లాక్కొచ్చింది ఆ వారంలోనే.

సాయంత్రం కూతురు వచ్చింది, చంకలో పసిదాన్ని వేసుకుని. ఆమె నర్సు. కొండ మీది ఆసుపత్రికి బదిలీ అయింది. అల్లుడు ముందే వెళ్లి ఇల్లు చూసి పెట్టాడు. ఈ వారాంతంలో కూతురు ఈ కారులోనే, తనే నడుపుకుంటూ, పిల్లతో కొండెక్కి వెళ్లాలి. నాన్న చేసిన బండిలోనే వెళ్తానని ఆసుపత్రిలో అందరితోనూ చెప్పి పెట్టింది.

"ఇవాళ స్టార్టు చేస్తానన్నావు నాన్నా!"

మేస్త్రి ఆమె మొహంలోకి చూస్తూ నవ్వాడు. "నీకోసమే ఆగాను తల్లీ."

బానెట్టు ఎత్తి పెట్టాడు. గుడ్డతో బ్యాటరీ మీద దుమ్ము తుడిచాడు, అక్కడ దుమ్మేమీ లేకపోయినా. లోపలికి వెళ్లి కూర్చుని తాళం తిప్పాడు. ఇంజను ఒకసారి దగ్గింది, రెండోసారి ఆయాసపడింది, మూడోసారి అందుకుంది. రేకుల కప్పు కింద చప్పుడు నిండిపోయింది. పసిది ఏడుపు లంకించుకుంది. కూతురు చప్పట్లు కొట్టింది. పెయింటరు కూడా నోట్లో వేళ్లు పెట్టి ఈల వేశాడు.

మిషనమ్మ మాత్రం గుమ్మంలోనే ఉండిపోయింది. ఆ చప్పుడు అడుగున ఇంకో చప్పుడుంది. మిషను కింద షటిల్లో దారం చిక్కుకుంటే, పైన కుట్టు సాఫీగానే పడుతున్నా, లోపలెక్కడో 'టొక్, టొక్' అంటుంది. అచ్చం అలాంటిది. లోతుగా, ఎవరో తలుపు తీయమని మెల్లగా కొడుతున్నట్టు.

మేస్త్రి దిగి వచ్చి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన ఇంజను మీద పెట్టి, పిడి చెవికి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు.  అతను కళ్లు తెరిచి తలాడించాడు. "పాలు పొంగినట్టుంది."

"అడుగున ఏదో కొట్టుకుంటోందండీ" అంది మిషనమ్మ.

అతను ఆమెవైపు చూసి, ఆమె పెదాల దగ్గర ఒక్క క్షణం ఆగి, "కొత్త కోడలు కదా, నాలుగు రోజులు గొణుగుతుంది" అన్నాడు. మాట అతికింది. కూతురు నవ్వింది. "అమ్మా, బండి బాగాలేకపోతే నాన్నకి తెలీదా? నీకు ఆగి ఉన్న సైకిలు చూసినా భయమే."

అది నిజమే. ఆమె భయస్తురాలని ఇంటిల్లిపాదికీ తెలుసు. ఉరిమితే గొడుగు వెతుకుతుంది, ఫోను మోగితే గుండె పట్టుకుంటుంది. ఎప్పుడూ భయపడేవాళ్లు ఒకసారి నిజంగా భయపడ్డా ఎవరూ నమ్మరు.

మర్నాడు పొద్దున ఆమె ఒక పని చేసింది. చేస్తున్నప్పుడే సిగ్గనిపించింది.

మేస్త్రి షెడ్డులో నేలమీద కూర్చుని తలుపు పిడికి స్ప్రింగు ఎక్కిస్తున్నాడు. ఆమె చప్పుడు కాకుండా వెనకనుంచి వెళ్లింది. చప్పుడు కాకుండా వెళ్లడమెందుకో, వెళ్లాక గానీ తట్టలేదు. చేతిలోని పెద్ద కత్తెర సిమెంటు గచ్చు మీద వదిలేసింది. గోడమీద పిచ్చుకలు లేచిపోయాయి. పక్కింటివాళ్ల కుక్క మొరిగింది. మేస్త్రి స్ప్రింగు చివర పళ్లతో పట్టుకుని, ఇంకో చివర వేలితో లోపలికి తోస్తూ ఉన్నాడు. తోసి, అది టక్కున కూర్చోగానే, "ఊఁ" అనుకున్నాడు తనలో తాను.

కత్తెర తీసుకుని ఆమె వచ్చినదారినే వెళ్లిపోయింది. ముందుగదిలో కూర్చుని చాలాసేపు సూదిలో దారం ఎక్కించలేకపోయింది.

చెప్పాలి. ఎవరికి చెప్పాలి? అతనికి చెబితే ఏమవుతాడు? ఇంతకాలం అతని చేతిలో ఉన్నది ఆ పేరొక్కటే. కూతురికి చెబితే అది పరుగున వచ్చి అందరిముందూ చెవుల్లో లైటు వేసి చూస్తుంది. చెప్పకపోతే బండి కొండెక్కుతుంది. ఆ ఘాటు రోడ్డు ఆమెకు తెలుసు. ఒక పక్క రాయి, ఇంకో పక్క ఏమీ ఉండదు.

చెవుల సంగతి దాచి, చప్పుడు సంగతే కూతురికి ఫోనులో చెప్పింది.

"నాన్నకి ఇవ్వు" అంది కూతురు.

మేస్త్రి ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఆ తల్లీ... ఆ... ఆ... అన్నీ అయిపోయాయి, రంగొక్కటే మిగిలింది... ఆ..." అని, కాసేపు ఊరుకుని, "సిగ్నలు లేదు" అంటూ ఆమె చేతిలో పెట్టేశాడు. ఫోనులో కూతురి గొంతు ఇంకా ఖణేల్‌మని వినపడుతూనే ఉంది. "చూశావా అమ్మా, అన్నీ అయిపోయాయంటున్నాడుగా."

మధ్యాహ్నానికల్లా ముందు సీట్ల కవర్లు పూర్తయ్యాయి. ఆమే తొడిగింది. మూలల్లో గాలి నిలవకుండా అరచేత్తో రుద్ది, కింద తాళ్లు లాగి ముడివేసింది. మేస్త్రి తాళంచెవి వేలికి తిప్పుకుంటూ వచ్చాడు.

"ఓ చుట్టు తిప్పుకొస్తాను."

"నేనూ వస్తాను" అంది ఆమె. ఆ మాట తన నోటివెంటే వచ్చిందని నమ్మలేకపోయింది. "సీటు కూర్చుంటే లాగుతుందేమో చూడాలి."

వీధి చివరిదాకా బండి మెల్లగా వెళ్లింది. చప్పుడు ఉంది గానీ పిల్లి అడుగులా ఉంది. పెద్దరోడ్డు ఎక్కి, వంతెన ఎత్తు మొదలయ్యేసరికి అతను ఎక్సలేటరు తొక్కాడు. అంతే, ఆ 'టొక్ టొక్' ఒక్కసారిగా సుత్తిదెబ్బలైంది. ఆమె అరికాళ్లకు తెలుస్తోంది. పళ్లకు తెలుస్తోంది. మేస్త్రి అద్దంలోంచి ఎండను చూస్తూ, సంతోషంగా, పెదాలు బిగించి నడుపుతున్నాడు.

వెనకాల లారీ హారను కొట్టింది. అతను రోడ్డు మధ్యలోనే ఉన్నాడు. లారీ మళ్లీ కొట్టింది, ఆపకుండా. మిషనమ్మ అతని మోచెయ్యి తట్టి, ఎడమవైపు చూపించి, "అదిగో, ఆ కొట్లో రెగ్జిను ఎంతో కనుక్కోవాలి, పక్కకి తీయండి" అంది వేలితో సైగ చేస్తూ. అతను పక్కకు తీశాడు. లారీ వాళ్లను రాసుకున్నట్టే పోయింది, డ్రైవరు కిటికీలోంచి తిడుతూ. అతను ఉలిక్కిపడి, స్టీరింగు గట్టిగా పట్టుకుని, వెళ్తున్న లారీని కాసేపు చూశాడు.

తర్వాత ఆమెవైపు తిరిగాడు. "ఎలా ఉంది?" అన్నాడు.

అతని కళ్లు ఆమె మొహాన్ని వదలలేదు. చిన్నపిల్లాడు పరీక్ష కాగితం చేతికిచ్చి చూసినట్టు చూస్తున్నాడు. ఆమె చెమట తుడుచుకుని, "బాగుంది" అంది.

"బాగుందా?"

"చాలా బాగుంది. ఎక్కడా లాగట్లేదు."

అతను తలాడించి బండి వెనక్కి తిప్పాడు.

ఆ రాత్రి ఆమెకు కంటిమీద కునుకు లేదు. ఆ మర్నాడు పొద్దున్నుంచీ వాన. తడికి రంగు పట్టదని పెయింటరు రాలేదు. రేపే కూతురి ప్రయాణం. మిషనమ్మ వెనక సీటు కవరుకు చివరి కుట్టు వేసి, దారం కొరికి, దాన్ని చేతిమీద వేసుకుని షెడ్డులోకి వెళ్లింది. రేకుల మీద వాన చప్పుడుకి ఇంకేమీ వినపడటం లేదు. ఇంజను మాత్రం నడుస్తోంది, దాని పొగ వానలోకి పోతోంది.

మేస్త్రి ఇంజను మీదికి వంగి ఉన్నాడు. స్క్రూడ్రైవరు మొన ఇంజను పక్కన ఆనించి ఉంది. పిడి చెవి దగ్గర లేదు, నోట్లో ఉంది. పళ్లతో గట్టిగా కరిచి పట్టుకుని, కళ్లు మూసుకుని, మెడ నరాలు తేలేలా బిగుసుకుని ఉన్నాడు. మొనను జానెడు జరిపాడు. మళ్లీ కరిచాడు. ఇంకోచోట పెట్టాడు. కనురెప్పల కింద నీళ్లు కారుతున్నాయి. పొగకే అనుకుంది ముందు.

కళ్లు తెరిచేసరికి ఎదురుగా ఆమె.

అతను స్క్రూడ్రైవరు తీసి, పిడిని చొక్కాకు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి ఇంజను ఆపేశాడు.

"ఎముకలోంచి వినపడుతుందని ఎవరో అన్నారు" అన్నాడు. "రావట్లేదు."

ఆమె దగ్గరికి వచ్చి, అతని మొహానికి ఎదురుగా నిలబడింది. "నాకు తెలుసు" అంది, పెదాలు బాగా కదిలేలా.

"నీకు తెలుసని నాకూ తెలుసు. నిన్న పొద్దున కత్తెర పడేశావు. గచ్చు అదిరింది, కూర్చున్నచోట తెలిసింది. తిరిగితే, ఎందుకు పడేశావో చెప్పాల్సొస్తుంది నీకు."

ఆమె వెనక సీటు కవరు నేలమీద పెట్టింది, దుమ్ము అంటుతుందని కూడా చూసుకోకుండా.

"నిన్న వంతెన మీద అడిగాను కదా, ఎలా ఉందని" అన్నాడు అతను. "బాగుందన్నావు."

"సీట్ల గురించి అనుకున్నాను."

"సీట్ల గురించి నిన్నెందుకు అడుగుతానే? కుట్టింది నువ్వు." అతని గొంతు లేచింది. ఎంత లేచిందో అతనికి తెలియదు. "బండి గురించి అడిగాను. లారీవాడు ఎంతసేపు మొత్తుకున్నాడో నీ మొహం చూస్తే తెలిసింది. ఈవిడ దేనికైనా భయపడుతుంది కదా, బండి బాగాలేకపోతే చచ్చినా ఊరుకోదు, చెప్పేస్తుందిలే అనుకున్నాను. నువ్వు బాగుందన్నావు. రాత్రంతా ఆ మాట పట్టుకునే పడుకున్నాను. నిద్ర పట్టలేదు. నువ్వూ పడుకోలేదు. పడుకోలేదని చూసి, అబద్ధం చెప్పావని అప్పుడు తెలిసింది."

పెయింటరు నవ్వడానికి దాచాడు. తను జాలిపడి దాచింది. ఇద్దరూ చేసింది ఒకటే, అతన్ని ఒంటరిగా వదిలేయడం. అది తెలిసేసరికి ఆమెకు ఏడుపు కంటే కోపం ముందొచ్చింది, తనమీదా అతనిమీదా.

"మీరెందుకు చెప్పలేదు? మొదటిరోజు అందరిముందూ పాలు పొంగినట్టుందన్నారు!"

"ఏమనమంటావు? చెవి మేస్త్రి ఇంజను మీద చెవి పెట్టి, ఏమండీ, ఇది నడుస్తోందా ఆగిందా అని అడగనా?"

ఇద్దరూ ఒక్క క్షణం ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఎవరు నవ్వారో తెలీదు. నవ్వు ఎక్కువసేపు లేదు.

అతను గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. "చెప్పు. ఎలా ఉంది శబ్దం?"

"టొక్, టొక్ అని. లోతుగా. పైనుంచి కాదు, అడుగునుంచి."

"ఎత్తు ఎక్కితే?"

"సుత్తి పెట్టి కొట్టినట్టు. కాలు తీసేస్తే తగ్గింది."

అతని కళ్లు చిన్నవయ్యాయి. ఆ చూపు ఆమెకు తెలుసు. చాలాకాలమైంది చూసి. "పిస్టన్లు నాలుగున్నాయి. ఏ పిస్టను కింద కొట్టుకుంటోందో తెలియాలి. నేను ఒక్కో ప్లగ్గు వైరు పీకుతాను. ఆ పిస్టనుకి మంట అందదు, బలం తగ్గుతుంది. కొట్టుకునేది అదే అయితే చప్పుడు ఆగుతుంది. నువ్వు విను. ఆగితే చెయ్యెత్తు. అంతే. నాకోసం ఊహించి చెప్పకు."

ఇంజను మళ్లీ అందుకుంది. వాన, ఇంజను, రేకులు, అన్నీ కలిసిపోయాయి. మిషనమ్మ బానెట్టు అంచు పట్టుకుని వంగింది. ఇంతకాలం ఆ కిటికీ పక్కన, మిషను గొణిగితే నూనె, కీచుమంటే సూది అని చెప్పుకుంటూ బతికింది. ఇప్పుడు చెవులు రెండూ ఆ ఒక్క చప్పుడు మీద పెట్టింది. అతను రబ్బరు పట్టకారుతో మొదటి వైరు పీకాడు. ఇంజను కుంటింది, వణికింది. చప్పుడు అలాగే ఉంది. ఆమె తల అడ్డంగా ఊపింది. వైరు పెట్టి రెండోది పీకాడు. ఉంది. లేదేమో అనిపించింది ఒక్క క్షణం. చెయ్యి సగం లేచింది. మళ్లీ విని, ఉంది, అని దించేసింది. అతను ఆమె చేతివంకే చూస్తున్నాడు.

మూడోది పీకాడు.

ఎవరో తలుపు కొట్టడం మానేసి వెళ్లిపోయినట్టు, అడుగున నిశ్శబ్దం. ఆమె చెయ్యి ఎత్తింది. వైరు పెట్టాడు, మొదలైంది. పీకాడు, ఆగింది. ఆమె చెయ్యి దించకుండా అలాగే నిలబడింది.

"చాలు, దించు" అన్నాడు మేస్త్రి. "మూడోది."

బండిని దిమ్మల మీదికి ఎత్తి, అతను గోనెపట్టా పరుచుకుని కిందికి దూరాడు. నల్లటి నూనె బేసిన్లోకి కారింది. ఒక్కో బోల్టూ విప్పి బయటికి చెయ్యి చాపితే, ఆమె అందుకుని వరసగా గుడ్డమీద పేర్చింది. ఇంజను అడుగు పళ్లెం దిగింది. ఆమె టార్చి పట్టుకుని పక్కనే నేలమీద పడుకుంది. 

"చెయ్యి ఇలా ఇవ్వు" అన్నాడు కిందినుంచి.

ఆమె వేళ్లు పట్టుకుని పైకి తీసుకెళ్లి మూడో పిస్టను రాడ్డు నట్టు మీద పెట్టాడు. నూనెలో జారుతున్న ఆ నట్టు, వేళ్లతోనే, తిరిగింది.

అతను బయటికి వచ్చి చక్రానికి ఆనుకుని కూర్చున్నాడు. చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాడు. "ఘాటు సగంలో ఊడేది. రాడ్డు ఇంజను చీల్చుకుని బయటికి వచ్చేది. బండిలో పిల్ల..." ఆపేశాడు.

ఆమె అతని చేతుల మీద తన చెయ్యి వేసింది. ఇద్దరి చేతులూ నల్లగానే ఉన్నాయి.

"ఇది చెవుల వల్ల కాదే" అన్నాడు అతను. "నట్టు బిగించడానికి చెవి అక్కర్లేదు. ఇది బిగించిన రోజు, గేటు దగ్గర ఎవరైనా పిలుస్తున్నారేమో, పలక్కపోతే తెలిసిపోతుందేమో అని ఒకటే తల తిప్పి చూసుకుంటున్నాను. అలా చూసుకుంటూ ఉంటే చెయ్యి మర్చిపోయింది."

వాన కాస్త తెరిపివ్వగానే స్పేరు పార్టుల కొట్టుకు ఇద్దరూ వెళ్లారు. వదులు నట్టు వల్ల గీతలు పడిన రాడ్డు బేరింగు ముక్కలు అతను బల్లమీద పెడితే, కొట్టువాడు తలొంచుకుని ఏదో గొణిగాడు. మేస్త్రి ఆమెవైపు తిరిగాడు. "పాత సైజా, ఒక సైజు పెద్దదా అని అడుగుతున్నాడు" అంది ఆమె. "పాతదే. షాఫ్టుకి ఏమీ కాలేదు" అన్నాడు అతను. కొట్టువాడు ఇద్దర్నీ మార్చి మార్చి చూసి డబ్బా తీశాడు. చీకటి పడకముందే అన్నీ బిగిశాయి. ప్రతి నట్టునూ అతను బిగించి, ఆమెచేత పానా పట్టించి లాగించాడు. ఏదీ కదల్లేదు.

మర్నాడు పొద్దున ఎండ కాసింది. పెయింటరు మిగిలిన తలుపుకు ఆఖరి కోటు వేస్తుండగా కూతురు సంచులతో, పిల్లతో దిగింది. "రెడీయా నాన్నా?"

మేస్త్రి ఆమె చేతిలోని సంచి తీసుకుని కింద పెట్టాడు.

"రెడీనే. ఒక మాట చెప్పాలి. నాకు వినపడదు."

"ఏంటి?"

"అదే. ఇప్పుడు నువ్వన్నది కూడా నోరు చూసి తెలుసుకున్నాను. వర్క్‌షాపులో అందుకే పంపించేశారు. మీ అమ్మ చప్పుడుందని చెప్తే నువ్వూ నేనూ కలిసి నవ్వాం చూడు, అది నిజం. మూడో పిస్టను కింద నట్టు వదులు. నేనే మర్చిపోయాను. మీ అమ్మ విని చెప్పింది, సరిచేశాను."

పెయింటరు బ్రష్షు తలుపు మీద ఒకేచోట ఆగింది. రంగు చారలు కట్టి కారుతుంటే గబగబా తుడిచాడు. తల ఎత్తలేదు. పని కాగానే డబ్బాలు కట్టుకుని, వదినా వెళ్తాను అని కూడా అనకుండా వెళ్లిపోయాడు.

కూతురు తల్లిని చూసింది, తండ్రిని చూసింది. ఆమె మొహం ఎర్రబడింది. "రోజూ ఎంతమంది చెవులు చూస్తాను... ఇంట్లో..." అంది. తండ్రి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "డాక్టరు దగ్గరికి నాతో వస్తున్నావు" అంది ఒక్కో మాటా విడదీసి.

"వస్తాలే. ముందు బండి చూడు. మొదటి ఎత్తు దాటేదాకా మేమూ వస్తాం. అక్కడ బస్సు పట్టుకుని వెనక్కి వచ్చేస్తాం."

కూతురు నడిపింది. మేస్త్రి పక్క సీట్లో. మిషనమ్మ వెనక, పసిదాన్ని ఒళ్లో పెట్టుకుని. ఊరు దాటి, చదును నేల దాటి, రోడ్డు కొండను పట్టుకుని మలుపులు తిరగడం మొదలైంది. ఒక పక్క రాయి. రెండో పక్కకు ఆమె చూడలేదు. వింటోంది. గేరు మారింది, ఇంజను బరువు ఎత్తుకుంది. అడుగున ఏమీ లేదు. మలుపు, ఇంకో మలుపు, ఇంకా ఏమీ లేదు. పసిది నిద్రపోయింది.

మేస్త్రి సీట్లో అడ్డంగా తిరిగి, వీపు తలుపుకు ఆనించి, వెనక్కే చూస్తూ కూర్చున్నాడు.

"నాన్నా, ముందుకు చూసి కూర్చో. కడుపులో తిప్పుతుంది" అని కూతురు అతని భుజం తట్టి చెప్పింది.

"నువ్వు రోడ్డు చూడు" అన్నాడు, చూపు మరల్చకుండా. అతను చూస్తున్నది మిషనమ్మ మొహం. ఆమె కనుబొమ కదిలితే అతని చెయ్యి సీటు అంచు మీద బిగుస్తోంది. ఆమె గాలికి కళ్లు చిట్లిస్తే అతను ముందుకు వంగుతున్నాడు.

ఎండ ఒళ్లోకి వచ్చింది. రెండు రాత్రుల నిద్ర ఆమె రెప్పల మీద కూర్చుంది. ఇంజను ఒకే శ్రుతిలో ఎత్తు ఎక్కుతోంది. తల ఒకసారి వాలింది, లేచింది, మళ్లీ వాలింది.

అతను ఆమె మోకాలు పట్టుకుని కుదిపాడు. "ఇదిగో! నిద్రపోకు. నువ్వు కళ్లు మూసుకుంటే నాకెలా తెలుస్తుంది?"

ఆమె కళ్లు తెరవకుండానే, అతనికి కనపడేలా పెదాలు కదిపింది. "బండి బాగుంది. అందుకే నిద్రొస్తోంది."

అతను ఇంకాసేపు ఆ పెదాలవైపు చూశాడు. ఆమె మళ్లీ ఏమీ అనలేదు. నోరు కొంచెం తెరుచుకుంది, తల కిటికీవైపు ఒరిగింది.

మేస్త్రి ముందుకు తిరిగి కూర్చున్నాడు. కాళ్లు చాపుకుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, కూతురితో అన్నాడు:

"బండి బాగుందట."